ప్రతి నెలా కొత్తగా పుట్టే లోపం

సుజిత ఉద్యోగం ఏమిటో వాళ్ల నాన్న జ్ఞానరాజుకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మిషన్ ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా రిటైరైన మనిషి. ఆదివారం చర్చి బయట ఎవరైనా అడిగితే "మా అమ్మాయి కంప్యూటర్లకి తాళాలేస్తాది" అని చెబుతాడు. అందులో సగమే నిజం. ఏ తలుపుకు తాళం లేదో ఆమెకు చెబుతారు. తాళం వేయవలసినవాడు వేరే ఉంటాడు. వాడి వెంట పడడం, వాడు వేశాక లాగి చూసి పడిందని రాయడం ఆమె పని. ఎమ్‌సీఏ చదివింది ఇందుకేనా అని ఆమె ఎవర్నీ అడగలేదు. నర్సీపట్నంలో ఎమ్‌సీఏ చదివినవాళ్లు చాలామంది ఎరువుల కొట్లలో బిల్లులు కొడుతున్నారు.

ఆమె ఆఫీసు అలాంటి ఒక కొట్టుకు పై అంతస్తులోనే ఉంది. అసలు కంపెనీ విశాఖపట్నంలో. ఇక్కడిది చిన్న బ్రాంచి. తెరిచిన రోజున పేపర్లో ఫొటో పడింది, పైన "సొంత ఊళ్లోనే సాఫ్ట్‌వేర్" అని శీర్షిక. జీతం కూడా సొంత ఊరి లెక్కనే ఇస్తారన్న సంగతి ఆ శీర్షికలో పట్టలేదు. మహిళలకు సాధికారత అని కూడా రాశారు. అంటే సుజిత అన్నమాట.

కంపెనీ ప్రైవేటు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఓపీ చీటీ, బిల్లు, రక్తపరీక్ష రిపోర్టు అన్నీ అందులోనే. విశాఖలో ఒక జట్టు నెలనెలా ఆ సాఫ్ట్‌వేర్‌ను గుచ్చి గుచ్చి చూసి, దొంగలు దూరగల సందులన్నీ జాబితా చేసి పంపుతుంది. ఒక్కో సందునూ ఆఫీసులో పాయింటు అంటారు. పాయింటుకో నంబరు, నంబరుకో వయసు. నెలలోపు సరిచేస్తే కంప్యూటర్లోని లెక్కల బోర్డు మీద పచ్చ రంగు, నెల దాటితే ఎరుపు. ఎరుపు కనబడితే పైవాళ్లు ఫోన్ చేస్తారు. పైవాళ్లకు సందుల గురించి తెలియదు, రంగుల గురించి తెలుసు.

ఒక నెల వచ్చిన పాయింట్లలో ఒకటి చూసి సుజిత కుర్చీలో వెనక్కి వాలింది. రక్తపరీక్ష అయ్యాక రోగి ఫోన్‌కు ఒక లింకు వెళుతుంది, దాన్ని నొక్కితే రిపోర్టు తెరుచుకుంటుంది. లింకు చివర ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరులో ఒక అంకె మారిస్తే పక్కవాడి రిపోర్టు తెరుచుకుంటోంది. పేరు, వయసు, ఊరు, జబ్బు. దీనికి దొంగ అక్కర్లేదు, ఏమీ తోచనివాడు చాలు.

లింకు తెరవాలంటే ఓటీపీ కొట్టాలని పెడితే సరిపోతుందని విశాఖ జట్టు రాసింది. ఆసుపత్రులు ఒప్పుకోలేదు. కొయ్యూరు కొండల నుంచి దిగి వచ్చే మనిషి ఆటోవాడి నంబరో, ఆశా కార్యకర్త నంబరో రాయించి పోతాడు. ఓటీపీ ఒకరి దగ్గర మోగుతుంది, రిపోర్టు ఇంకొకరికి కావాలి. వాళ్లన్నదీ నిజమే. సుజిత ఆలోచించి, వరస నంబరు తీసేసి ఎవరూ ఊహించలేని పొడుగాటి అక్షరాల గుత్తి పెడదామంది. ఓటీపీ గొడవ ఉండదు. ఆ భాగం కోడు రాసే సూర్యప్రకాష్ పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటాడు. రెండు రోజుల పని అక్కా అన్నాడు. కాకపోతే కొత్త బిల్లుల స్క్రీను డెమో ఉంది, అది అయ్యాక చూద్దామన్నాడు.

డెమో అయింది. తరవాత ఇంకో డెమో వచ్చింది. నెల నిండబోతుండగా విశాఖ నుంచి మేనేజరు ధర్మారావు ఫోన్ చేశాడు.

"ఆ రిపోర్టు పాయింటు క్లోజ్ చేసీసి, కొత్త నంబరుతో మళ్లీ ఓపెన్ చెయ్యమ్మా. వయసు సున్నా నుంచి మొదలవుతాది."

"సరిచెయ్యకుండా ఎలా క్లోజ్ చేస్తాం సార్? కారణం రాయమంటుంది."

"సరిచేశాం అని రాయి. మళ్లీ కనబడిందని కొత్తది తెరువు. మనం దాస్తున్నామా ఏటి? పాయింటు బోర్డు మీదే ఉంటాది కదా."

ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది. కంపెనీలో అందరూ చేస్తున్నదే. సుజిత మూసింది, తెరిచింది. వచ్చే నెల మళ్లీ మూసింది, తెరిచింది. మూడోసారి ధర్మారావు ఫోన్ చేయవలసిన అవసరం కూడా రాలేదు. అలా ఆ లోపం వేసవి దాటింది, వానాకాలం దాటింది. బోర్డు మీద మాత్రం ఎప్పుడు చూసినా పసిపాపే.

ఆమెకు అన్యాయం చేయకూడదు, ఒకసారి ప్రయత్నించింది. హైదరాబాదు నుంచి ఆడిటరు వచ్చాడు. భద్రత బాగుందని అతను సర్టిఫికెట్ ఇస్తేనే కొత్త ఆసుపత్రులు కొంటాయి. టీ తాగుతున్నప్పుడు సుజిత అతనితో, రిపోర్టు లింకు పాయింటు కొత్తది కాదు సార్, చాలా నెలలుగా ఉంది అని చెప్పింది.

"రికార్డులో పోయిన వారం తెరిచినట్టుంది మేడమ్. గడువు ఇంకా ఉంది."

"రికార్డు తప్పు సార్."

"తప్పని రికార్డులో ఉందా?"

లేదు. సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బేబి టిఫిన్ బండి ఉంది. సుజిత అక్కడ ఇడ్లీ తినకుండా ఆఫీసు మెట్లెక్కిన రోజులు తక్కువ. ఆ చలికాలం బేబికి దగ్గు పట్టుకుని వదల్లేదు. ప్రైవేటు ఆసుపత్రికి వెళితే పరీక్ష చేసి టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టి, డాక్టరు సరేననే దాకా బండి దగ్గరికి వెళ్లొద్దన్నారు. బేబి వెళ్లలేదు. చెల్లెలు అచ్చియమ్మ బండి నడిపింది. అడిగినవాళ్లకు అక్కకు నడుం నొప్పని చెప్పింది. ఆ జాగ్రత్త ఆ ఇంట్లో వాళ్లకు ఉంది.

ఆటో నడిపే చిట్టిరాజుకు వాళ్లమ్మ షుగరు రిపోర్టు లింకు వచ్చింది. స్టాండులో బేరం లేక కూర్చుని, చివర అంకె మార్చి చూశాడు. ఎవరిదో వచ్చింది. ఇంకోటి మార్చాడు. కాసేపటికి తెలిసిన పేరు తగిలింది. ఆ పేజీని ఫొటో తీసి ఆటోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "జాగ్రత్త బ్రదర్స్, ఆ బండి దగ్గర తినకండి" అని రాశాడు. చిట్టిరాజు దుర్మార్గుడేమీ కాడు. ప్రజాసేవ చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నాడు.

మర్నాడు సుజిత వెళ్లేసరికి బండి దగ్గర ఎవరూ లేరు. గిన్నెలో పిండి పిండిగానే ఉంది. అచ్చియమ్మ ఫోన్ చూపించింది. సుజిత కళ్లు బేబి పేరు మీద కాక పేజీ పైనున్న లింకు మీద పడ్డాయి. చివర ఆ వరస నంబరే ఉంది.

ఆఫీసుకు వెళ్లి ఆమె ధర్మారావుకు ఫోన్లో చెప్పింది. ఆసుపత్రి వాళ్లు అప్పటికే అతనికి ఫోన్ చేసి తిట్టారు. డెమోలన్నీ ఆగిపోయాయి. సూర్యప్రకాష్ భోజనానికి లేవకుండా కూర్చుని సాయంత్రానికి పని ముగించాడు. రెండు రోజులు కూడా పట్టలేదు. సుజిత లాగి చూసింది. తాళం పడింది. నెలాఖరు మెయిల్లో, తీవ్రమైన పాయింటును గడువులోపే సరిచేసిన నర్సీపట్నం బ్రాంచికి అభినందనలు అని వచ్చింది. గడువులోపే. రికార్డు అదే చెబుతోంది మరి.

సుజిత ధర్మారావుకు ఫోన్ చేసి, ఈ లోపం మనకు ఎప్పటి నుంచో తెలుసని ఆసుపత్రికి రాసివ్వాలంది. బేబి నష్టపోయింది, అడిగే హక్కు ఉంది అంది. అతను కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

"రాద్దాం. పాత నంబర్లన్నీ తీస్తారు. ప్రతి దాని మీదా సరిచేశాం అని రాసి మూసింది ఎవరమ్మా?"

"మీరు చెప్తేనే కదా సార్."

"ఫోన్లో చెప్పాను."

ఆ తరవాత, ఇది బయటపడితే బ్రాంచి ఉండదని చెప్పాడు. ఆడపిల్లలు సొంత ఊళ్లో పని చేసుకునే చోటన్నాడు. పేపర్లో పడిన మాటలే, ఇప్పుడు వాటి ఉపయోగం తెలిసింది.

అయినా సుజిత ఆదివారం చర్చి అయ్యాక బేబి ఇంటికి బయల్దేరింది. ఉద్యోగం పోతే పోనీ, తెలిసే వదిలేశాం, ఫిర్యాదు ఇవ్వు, నేను సాక్ష్యం చెబుతానని ఆమెకు చెప్పాలనుకుంది. దారంతా ఆ మాటలే వల్లెవేసుకుంది. బేబి అరుగు మీద కూర్చుని ఉంది, మనిషి సగమైంది. డాక్టరు నీ వల్ల ఇంకెవరికీ అంటదని కాగితం కూడా ఇచ్చాడట. ఆ కాగితాన్ని ఎవరూ ఏ గ్రూపులోనూ పెట్టలేదు. బండి అమ్మకానికి పెట్టారు. సుజిత, ఆ రిపోర్టు మా కంపెనీ లోపం వల్లే బయటికొచ్చింది, పోలీసులకు చెబుదాం పిన్నీ అంది.

"సెప్తే ఏటవుద్ది? నాకేటి రోగమో మళ్లీ ఆలందరి ముందూ సదువుతారు. ఒద్దులేమ్మా. ఇప్పుడది మూసీసేరా?"

"మూసేశాం పిన్నీ."

ఆ క్షణంలో సుజితకు గుండె మీద బరువు దిగింది. ఫిర్యాదు లేదు. పాత నంబర్లు ఎవరూ తీయరు. దిగిన బరువుకు సిగ్గుపడేలోపే బేబి ఇంకోటి అడిగింది. ఆమె ఊరికే అడిగింది, ఆరా తీయాలని కాదు.

"మీకు ముందే తెలుసేటి?"

సుజిత చెప్పడానికి వచ్చింది ఆ ఒక్క సంగతే.

"లేదు పిన్నీ. ఈ నెలే బయటపడింది."

బేబి తల ఊపింది. నమ్మింది.

"మరి నువ్వేటి సేస్తావులే. తెలిస్తే ఊరుకుందువా." పైకి లేవబోయి దగ్గు రావడంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుంది. సుజితకు తగలకూడదని.