గీరె ఆగిన పొద్దు

చలికాలం మొదలై మా బిడ్డ అటక మీది హీటరు దించి మొదటిసారి పెట్టిన సాయంత్రం, ఏడాది పొడుగునా తీగల మీద పేరుకున్న దుమ్ము కాలి గదంతా ఒక మాడు వాసన కమ్ముకుంటుంది. ఇంట్లో వాళ్లంతా ముక్కు మూసుకుని ఏదో ఒకటి అంటారు. నాకు మాత్రం ఆ వాసనతో ఆసిఫాబాదు, మా పెంకుటిల్లు, ఎనిమిదేళ్ల నేను ఒక్కసారిగా గుర్తొస్తాయి.

ఆసిఫాబాదు చలి మామూలు చలి కాదు. చుట్టూ అడవి, పక్కనే పెద్దవాగు, తెల్లారి ఎంతసేపైనా ఎదురింటి దర్వాజ కనపడనంత మంచు. మేం పిల్లలం నోటితో పొగ వదులుతూ, చేతులు చంకల్లో పెట్టుకుని, ఎండ ఏ అరుగు మీద పడితే ఆ అరుగుకు మారుతూ కచ్చకాయలాడేవాళ్లం. ఆ రోజుల్లో అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టిన గుడాలు, వేడివేడి జొన్నరొట్టె మీద నూరిన నువ్వుల పొడి, అడవి నుంచి బుట్టల్లో వచ్చే రేగుపండ్లు మా తిండి. ఎంత తిన్నా ఆకలే, ఎంత కప్పుకున్నా చలే. మా బాపు తాలూకా కచ్చేరీలో గుమాస్తా. మేం కిరాయికున్న ఇల్లు గూనపెంకలది, ఆ పెంకల సందుల్లోంచి పగలు ఎండచుక్కలు రాలేవి, తెల్లవారుజామున మంచు దిగేది.

ఊళ్లోకి కరెంటు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మా ఇంట్లో రెండు బల్బులు, వసారా గోడకు ఒక మీటరు ఉండేవి. ఆ మీటరు అద్దం వెనక అడ్డంగా తిరిగే పళ్లెంలాంటి చక్రాన్ని మా బాపమ్మ, అంటే బాపు తల్లి, బండి చక్రం పేరుతో ‘గీరె’ అనేది. బల్బు వేస్తే గీరె నడుస్తుంది, ఆర్పితే ఆగుతుంది. ఇంతకు మించి కరెంటు గురించి ఆమెకు తెలియదు. అయినా ఊళ్లో ఎవరైనా అడిగితే ఇంజనీరు కంటే ధీమాగా చెప్పేది. దసరాకు ఆ మీటరుకు కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకుంది, బాపు నవ్వితే మూతి తిప్పుకుంది.

ఆ చలికాలంలోనే మా అవ్వ, అంటే మా అమ్మ, ఎనిమిదో నెలలో తమ్ముణ్ని కన్నది. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్లవాడు, ఏడుపు కూడా పిల్లి కూనంత. కాన్పు చేసిన నర్సమ్మ పోతూ పోతూ వాకిట్లో నిలబడి, “పిలగాని ఊపిరి ఇంకా గట్టివడలే. అర్రల పొగ రావొద్దు, సలి తగలొద్దు. గీ రెండు చూసుకుంటే బతుకుతడు” అన్నది. పొగ రావద్దంటే కుంపటి పెట్టకూడదు. చలి తగలొద్దంటే ఏదో ఒకటి పెట్టాలి. బాపు ఎక్కడెక్కడో తిరిగి మట్టి బిళ్ల మీద తీగ చుట్టిన హీటరు ఒకటి తెచ్చి బాలింత అర్రలో పెట్టాడు. తీగ ఎర్రబడగానే అర్ర వెచ్చబడింది. తమ్ముడు మొదటిసారి గుప్పిళ్లు విప్పి పడుకున్నాడు.

ఇటు అర్రలో తీగ ఎర్రబడితే, అటు వసారాలో గీరె ఉరకడం మొదలుపెట్టింది. అంత జోరుగా అది తిరగడం మేమెవరం చూడలేదు. నెల మారే రోజులు కావడంతో వారం తిరక్కుండానే బిల్లు వచ్చింది. బాపు దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు. “ఇట్లయితే నడువది. కట్టకుంటే తీగ కోసుకపోతరు. కోసుకపోతే పిలగాడెట్ల?” అన్నాడు. బాపమ్మ లేచి కొంగు నడుముకు చెక్కింది.

ఆ రోజు నుంచి మా ఇల్లంతా ఒకే పని మీద పడింది: లోపలి వేడి బయటికి పోకూడదు, గీరె తక్కువ తిరగాలి. దర్వాజకు గొంగడి వేలాడదీశారు. మంచం కింద వరిగడ్డి పరిచి దాని మీద గోనెసంచులు వేశారు. వేడి పైకి పోయి పెంకల్లో కలుస్తున్నదని బాపు వాసాలకు తాళ్లు కట్టి పాత దుప్పట్లు పందిరిలా పరిచాడు. కిటికీ సందులకు మైదా ఉడికించిన జిగురుతో కాగితాలంటించాడు. హీటరు మీద ఇటుక వేడి చేసి, ఆపేసి, ఆ ఇటుకను గుడ్డలో చుట్టి తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టేది బాపమ్మ. నాకు రెండు పనులు. గీరె ఎట్లా తిరుగుతున్నదో వచ్చి చెప్పడం ఒకటి. నూనెదీపం పట్టుకుని గోడల వెంట నడిచి, మంట ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టు చూపించడం రెండోది. నేను చూపించిన చోటల్లా బాపు మట్టి మెత్తుతుంటే, నా అంత అవసరమైన మనిషి తాలూకాలోనే లేదనుకునేదాన్ని.

గోడ పైభాగాన, వాసాల కిందుగా, గవాచి, అంటే బెత్తెడు కిటికీ కంత, ఒకటి ఉండేది. బాపు దాన్ని మాత్రం మూయలేదు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. అందలేదేమో, మరిచిపోయాడేమో అనుకున్నాను. ఒక సాయంత్రం అవ్వ కునుకు తీస్తుంటే ధాన్యం గుమ్మి మీదికెక్కి, అవ్వ పాత చీర పేలిక ఒకటి ఉండచుట్టి ఆ గవాచిలో బిగుతుగా కుక్కాను. దీపం పట్టి చూస్తే మంట కదలకుండా నిలిచింది. గీరె ఇంకా తగ్గాక, అందరూ ఎట్లా అని ఆశ్చర్యపోయాక చెబుదామని గొప్ప కోసం దాచుకున్నాను.

మరునాడు పొద్దున మంచు మరీ ఎక్కువగా ఉన్నది. బాపు కచ్చేరి పని మీద తెల్లవారకముందే ఊరికి పోయాడు. బాపమ్మ హీటరు ఆపేసి, వాకిట్లో కుంపటి రాజేసింది. నర్సమ్మ మాట ఆమె మరిచిపోలేదు. బొగ్గులు పూర్తిగా ఎర్రబడి, పొగ చివరి పోగు కూడా పోయేదాకా చలిలో గొంతుక్కూర్చున్నది. అప్పుడు నన్ను పిలిచి, “సూడే, పొగ ఉన్నదా? రవ్వంత లేదు” అని చూపించి, రెండు చేతులా ఎత్తి అర్రలో పెట్టింది. ఆమె నలుగురు పిల్లలను అట్లాంటి కుంపట్ల పక్కనే పెంచింది. అవి ఎన్ని సందులున్న ఇండ్లో ఆమెకు తట్టలేదు. పొగ లేని నిప్పులోనూ ప్రాణం తీసే గాలి ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను వసారాలోకి ఉరికాను. గీరె కదలడం లేదు. దాని మీది నల్ల గీత అద్దం వెనక నిలిచిపోయింది.

“ఆగిందా?” అని లోపల్నుంచి అడిగింది బాపమ్మ.

“ఆగింది బాపమ్మా! జర్ర కూడ తిరుగుతలేదు!”

“మా బిడ్డే!”

పొద్దెక్కింది. అవ్వ గొంగడి పక్కకు జరిపి తూలుతూ బయటికొచ్చి, “అత్తమ్మా, నెత్తి పగులుతున్నది, కడుపుల దేవుతున్నది” అన్నది. బాలింతకు అట్లాగే ఉంటుందని, వేడినీళ్లు పోసుకుంటే పోతుందని బాపమ్మ ఆమెను తానానికి తీసుకుపోయింది. పోయేముందు అర్రలోకి తొంగిచూసి, “ఎంత ఎర్రగున్నడో సూడు, నా తండ్రి. ఇయ్యాల సలి తెల్వలే” అన్నది. నేనూ చూశాను. నిజంగానే తమ్ముడి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నేను మళ్లీ మీటరు దగ్గరికి పోయి ఆగిన గీరెను చూస్తూ కూర్చున్నాను.

తానం అయ్యాక పాలివ్వబోయిన అవ్వ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది. దవాఖాన నుంచి డాక్టరు వచ్చాడు కానీ ఆయన చేయడానికి ఏమీ మిగల్లేదు. బొగ్గుల గాలి విషమని, గాలి పోయే దారి లేక అర్రలోనే నిండిందని చెప్పి, “గవాచి కూడ లేదా ఈ అర్రకు?” అని పైకి చూశాడు. నేను గోడకు అతుక్కుపోయాను. నేను కుక్కిన పేలిక లేదు, గవాచి తెరిచే ఉంది. అవతలి ఆకాశం కనిపిస్తున్నది. బాపమ్మ రొమ్ము బాదుకుంటూ, “దాన్ని నేనే మూసిన. కుంపటి నేనే తెచ్చిన. నా చేతుల్తోని నేనే సంపుకున్న” అని ఏడ్చింది. బాధలో ఏదో అంటున్నదనుకున్నాను. ఊరి నుంచి తిరిగొచ్చిన బాపు కూడా ఆ మాటే విన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు అవ్వ బాపమ్మతో మాట్లాడలేదు. బాపు ఆమె చేతి అన్నం తినలేదు. కన్నతల్లి గిన్నె పట్టుకుని నిలబడితే ముఖం తిప్పుకుని, “అక్కడ పెట్టు” అనేవాడు. బాపమ్మ ఎంత చలిలోనైనా మంట దగ్గరికి రావడం మానేసింది. అదంతా నా కళ్ల ముందే జరిగింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ బరువులో సగమైనా దిగేది. నేను భయపడ్డాను. పిల్లదాన్ని కదా అని ఇప్పుడు అనుకోవచ్చు, కానీ ఆ మాటతో నాకెప్పుడూ ఊరట దొరకలేదు.

పదకొండో ఏట, ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆమె పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను. ఇక మోయలేక, “బాపమ్మా, ఆ గవాచిల గుడ్డ నేను వెట్టిన” అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. “నాకెరుక. డాక్టరు రాకముందు గుంజి తీసింది నేనే గద.”

“మరి బాపుకెందుకు చెప్పలే?”

“ఎందుకు చెప్పాలె? నేను ఏండ్లు మీదవడ్డ ముసల్దాన్ని, పోయేదాన్ని. నువ్వు ఇంక బతకాలె” అని, ఒలిచిన గింజలు నా దోసిట్లో పోసి, “ఎవ్వలకు చెప్పకు. నా మీద ఒట్టు” అన్నది. నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు కూడా. నేను ఒట్టు తప్పలేదు. అవ్వ, బాపు ఆమెను క్షమించకుండానే పోయారు.

ఆ ఇల్లు పోయి చాలా కాలమైంది. అక్కడ మూడంతస్తుల మేడ ఉన్నది, గూనపెంకలు లేవు, గవాచులు లేవు. మీటర్లలో గీరె లేదు, అంకెలు మాత్రం మారుతుంటాయి. ఒట్టు పెట్టుకోవడానికి, తప్పడానికి ఇప్పుడు ఆ ఇంటి మనుషుల్లో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఈ ఏడు మా బిడ్డకు మొదటిసారి ఇదంతా చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని, “మామ పేరేంది అవ్వా?” అని అడిగింది.

పేరు లేదు. ఇరవై ఒకటో దినం తొట్టెల వేసి పెడదామనుకున్నారు. ఇంకా మూడు దినాలుండె.