మనవరాలిని దిగబెట్టి వచ్చిన రోజు

మా అమ్మాయి తన పిల్లను నా దగ్గరికి తెచ్చింది పాలు మాన్పించడానికి. వేపాకు ముద్ద పూసుకున్నా ఆ పిల్ల వినలేదట. తల్లి కళ్ళ ముందుంటే ఏ పిల్లా మానదు. అందుకే మా వైపు అమ్మమ్మ ఇంటికి పంపుతారు. కొన్ని రాత్రులు గోల చేసి ఊరుకుంది. పాలతో పాటు తల్లినీ మరిచిపోయింది. అమ్మాయి అడవిలో ఆశ్రమ పాఠశాల పంతులమ్మ, అల్లుడిది ఊరూరు తిరిగే కొలువు. నాలుగు రోజులకని వచ్చిన పిల్ల ఏడాది దాటినా మా ఊరు కూసుమంచిలోనే ఉండిపోయింది. మా ఆయన పోయాక బోసిపోయిన ఇంట్లో నాకూ ఒక మనిషి దొరికింది.

ఎండాకాలంలో అమ్మాయికి భద్రాచలం బదిలీ అయ్యింది. ఉండడానికి క్వార్టర్ ఇచ్చారు. పిల్లను తీసుకుపోతానని వచ్చింది. పిల్ల మాత్రం ఆమెను కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసి నా కాళ్ళ వెనక దాక్కునేది. బడులు తెరిచేలోపు తల్లికి అలవాటు పడకపోతే మళ్ళీ నాకే వదిలిపోతుంది. లోపల నాకు అదే కావాలని ఉంది. పక్కన కూర్చుంటే ఎత్తుకోకుండా ఉండగలనని నా మీద నాకే నమ్మకం లేక, ప్రయాణం రోజు కిరాయి కారులో ముందు సీటు ఎక్కి కూర్చున్నాను. తల్లీ పిల్లా వెనక.

ఖమ్మం దాటకముందే ఏడుపు మొదలైంది.

"అమ్మమ్మా, ఎత్తుకో."

నేను తిరగలేదు. పిల్ల సీటు మీదుగా చెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది. మెల్లగా ముందుకు లాక్కుని నడుముకు దోపుకున్నాను.

"ఒక్కసారి ఎత్తుకోవే అమ్మా. గొంతు పోతున్నది దానికి," అంది అమ్మాయి.

"నువ్వే పట్టు. రేపు నేనుంటనా ఆడ?"

"నేను పట్టుకుంటే ఇంకా ఏడుస్తున్నది."

"ఏడవనియ్యి. నువ్వు భయపడితే అది కనిపెడతది."

డ్రైవర్ కొత్తగూడెం దాకా ఓపిక పట్టాడు. తర్వాత అన్నాడు, "ఏం గుండె పెద్దమ్మా నీది. రాయి లెక్కున్నది."

"నువ్వు రోడ్డు చూడు బిడ్డా. నా గుండె నీ బండికి అడ్డం రాదు."

పాల్వంచ దాటి చెట్లు చిక్కబడ్డాక పిల్ల కక్కుకుంది. కారు ఆపాడు. నేను దిగి, అవతలి పక్కకు పోయి అడవి వైపు తిరిగి నిలబడ్డాను. ఎండుటాకుల మీద ఏదో పాకిన చప్పుడు. వెనక అమ్మాయి గాబరా.

"ఏం చెయ్యాల్నే? నాకు చేతకాదే."

"వీపు నిమురు. పై నుంచి కిందికి. నోరు కడిగి భుజానేసుకో. మాట్లాడకు, ఉత్తగ నడువు."

అడుగుల చప్పుడు ఇటూ అటూ సాగింది. ఏడుపు సన్నగిల్లి వెక్కిళ్ళయింది. అప్పుడు ఓరకంట చూశాను. ఆ పిల్ల నిద్రకు ఒరిగే తీరు నాకు తెలుసు. ముందు నుదురు ఆనిస్తుంది, తర్వాత చెంప, ఆ తర్వాత ఒళ్ళంతా బరువు వదిలేస్తుంది. వదిలేసింది. తల్లి భుజం మీద.

అమ్మాయి కళ్ళ నీళ్ళతో నా వైపు చూసి నవ్వింది. నేను కారెక్కి తలుపు మెల్లగా వేసుకున్నాను. బూర్గంపాడు వైపు బోర్డు దాటాం. వంతెన మీద పిల్ల మేలుకుంది. నన్ను పిలుస్తుందని, మెడ తిప్పకుండా కూర్చున్నాను. "నీళ్ళు," అని గోదావరిని తల్లికి చూపించింది.

క్వార్టర్‌లో సామాను దింపి, పప్పు డబ్బాలు అటక మీద సర్ది, వెనక్కి బయలుదేరాను.

"రెండు రోజులుండి పోరాదే," అంది అమ్మాయి.

"నేనుంటే మళ్ళా నా దిక్కే వస్తది. వద్దు."

"దానికి నీ మీద బెంగైతేనో?"

"నాలుగు దినాలైతది. తర్వాత మరుస్తది. నిన్ను మరవలేదా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మాయి తల వంచుకుని పిల్ల చెయ్యి పట్టి ఊపించింది. "అమ్మమ్మకు టాటా చెప్పు." చెప్పింది. కారు కదలకముందే పిల్ల, పక్క వాకిట్లో కోళ్ళను చూడమని తల్లి గడ్డం పట్టి అటు తిప్పింది.

తిరుగు దారిలో డ్రైవర్ అన్నాడు, "పిల్ల ఏడవలేదు పెద్దమ్మా. మంచిగైంది."

"అవ్. గదే కావాలె."

సారపాకలో చాయ్ కోసం ఆపాడు. ఇంట్లో పాలుండగా హోటల్ చాయ్ తాగే మనిషిని కాను. ఆ రోజు దిగి, బల్ల మీద కూర్చుని తాగాను. పొద్దు ఇంకా చాలా ఉంది.

"ఇంకో చాయ్ చెప్పాల్నా? లేటైతదా నీకు?" అని అడిగాడు.

ఇంటికి పోయి చేసే పని ఏముందా అని వెతికాను. ఒక్కటీ తోచలేదు.

"చెప్పు," అన్నాను.