పెద్దబాపు తీసేసిన పాత యాప్

కొత్త యాప్ పంపిన మరునాడు పొద్దున్నే పెద్దబాపు ఫోన్ చేశాడు. వరసకు ఆయన నాకేమీ కాడు. బతుకుదెరువుకు వలస వచ్చి ఉంటున్న ఈ కోసాడ్ క్వార్టర్లలో మా తెలంగాణ నేతోళ్ల సత్సంగానికి ఆయనే పెద్ద. అందుకని అందరికీ పెద్దబాపే.

"బిడ్డా, తానం జేసి, దీపం ముట్టిచ్చి కొత్తది ఏసుకున్న. మరి నా పారాయణం కనవడ్తలేదేంది?"

"పాతది ఉంది గద పెద్దబాపూ?"

"ఎట్లుంటది? తీసేసిన."

అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

లాక్‌డౌన్‌లో మగ్గాలతో పాటు మా సత్సంగమూ ఆగిపోయింది. నలుగురం కలిసి దేవుడి పేరు తలవని రోజు మాకు రోజులా ఉండదు. ఉద్యోగంలో నేర్చుకున్న విద్యతో నేనొక చిన్న యాప్ చేశాను. ఎవరింట్లో వాళ్లు చదివి రికార్డు చేసుకుంటే, ఆ గొంతు ఆ ఫోనులోనే భద్రంగా ఉంటుంది. భద్రపరిచే పని తయారుగా దొరికిన ఒక పాత లైబ్రరీకి, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడుకు, అప్పజెప్పాను. పెద్దబాపు రోజుకో అధ్యాయం చొప్పున మా సత్సంగంలో చదివే గ్రంథమంతా చదివాడు. మరుసటి ఏడు ఆయనకు జబ్బు చేసింది. దేవుడి దయవల్ల మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. మాట్లాడితే బొంగురు, శ్లోకం ఎత్తుకుంటే దగ్గు.

ఇంతలో ఆ లైబ్రరీ చేసినవాళ్లు ఇక దాని మంచిచెడ్డలు చూడబోమని ప్రకటించారు. ఫోన్లు మారేకొద్దీ అందులోని గొంతులు తెరుచుకోవు. అందుకే అన్నిటినీ వేరే చోటికి మార్చే పని పెట్టుకున్నాను. కొత్త యాప్ మొదటిసారి తెరవగానే పాతదానిలోంచి గొంతులు తీసుకుంటుంది, వాటిని అన్ని ఇళ్లకూ పంచుతుంది. పెద్దబాపు పారాయణం ఇక ఇంటింటా వినబడుతుందని సంబరపడ్డాం. షరతు ఒక్కటే, అప్పటిదాకా పాతది ఉండాలి. దాని మీదనే కొత్తది వేసుకోవాలని, పాతది తీయొద్దని గ్రూపులో తెలుగులోనూ హిందీలోనూ రాశాను.

"తియ్యొద్దని రాసిన గద పెద్దబాపూ!"

"సదివిన. నవ్వొచ్చింది. నిన్నటి నిర్మాల్యం తియ్యకుండ దేవుని మీద కొత్త పూలు పెడ్తమా? గింత సదువుకున్న పిల్ల తొందర్ల ఉల్టా రాసిందనుకున్న. పాతదానికి దండం వెట్టి తీసేసిన."

మాస్కు వేసుకుని వాళ్ల బ్లాకుకు పరుగెత్తాను. ఫోనంతా వెతికాను. ఏమీ లేదు. కొత్తది పంపకముందే, గొంతులు మారే నడుమ ఛార్జింగ్ అయిపోతే ఏమవుతుందో, జాగా చాలకపోతే ఏమవుతుందో అన్నీ పరీక్షించి చూశాను. మనిషి దండం పెట్టి మరీ చెరిపేస్తాడని నా ఊహకు అందలేదు. మా ఇంట్లో రోజూ పొద్దున దేవుడి పటం మీది వాడిన పూలు తీసేదాన్ని నేనే.

"గది ఉత్త డబ్బా అనుకున్న బిడ్డా," అన్నాడాయన. "నా సదువుడు పైన యాడనో ఉంటదనుకున్న."

"మల్ల రాదా?" అని ఆయన భార్య, మా పెద్దమ్మ అడిగింది.

"రాదు పెద్దమ్మా."

ఆమె ఆయన వైపు చూడలేదు. "ఈ మనిషి గొంతు వోయిననాడు నేను ఏడ్వలే. ఫోన్ల ఉంది గద అనుకున్న," అంది.

దేవుడా, నీ పేరు మీద చేసిన శుద్ధే నీ పారాయణాన్ని తుడిచిపెట్టిందా? లోలోపలే అనుకున్నాను.

పెద్దబాపు ఉన్నట్టుండి తలెత్తాడు. "కడుమ ఇండ్లోళ్లు? ఆళ్లు గూడ తీసేసిండ్రా?"

పక్క బ్లాకుకు ఫోన్ చేశాను. "మేమూ తీసేసినం అక్కా. పెద్దబాపు తీసిండంట గద!" అన్నారు. ఇంకో ఇంట్లో అప్పుడే స్నానానికి వెళ్లారట, వచ్చి తీస్తారట.

"నువ్వు జెప్తె ఇనరు. నేను జెప్త, పట్టు," అంటూ ఆయన గ్రూపుకు వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "పాతది... తియ్యకుండ్రి... నేను తప్పు..." దగ్గు తెర ముంచుకొచ్చింది. పెద్దమ్మ వీపు నిమిరింది. మళ్లీ రికార్డు చేద్దామని చెరపబోతే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గట్లనే పంపు. చెరుపకు."

పంపాను. కాసేపటికి ఆ బొంగురు గొంతు పక్కింట్లోంచి, పై అంతస్తులోంచి, ఎదురు బ్లాకులోంచి వినిపించసాగింది. ఆయన తల కొంచెం వంచి, అది ఎవరి గొంతో పోల్చుకోలేనట్టు వింటూ ఉండిపోయాడు.