రిపోర్టులో ఆ ఒక్కరు

మా పాటను మేమే ఒక ఇంటర్నెట్ కంపెనీకి ఇచ్చాం. వాళ్లు దాన్ని కాలర్ ట్యూన్‌గా ఫోన్లకు పంచి, ఎంతమంది పెట్టుకున్నారో చూసి నెలనెలా రాయల్టీ వేస్తారు. కీబోర్డు నాది, గొంతు నా స్నేహితుడిది. వాడు కలిదిండిలో చేపల చెరువులు చూసుకునేవాడు.

తాడేపల్లిగూడెం నెట్ సెంటర్లో రిపోర్టు తెరిస్తే ఎప్పుడూ ఒక్కరే. ఆ ఒక్కడూ వీడే. "నీ పాట నువ్వే కొనుక్కుంటావురా, సిగ్గులేదూ?" అని తిట్టేవాణ్ణి.

ఆ వానాకాలం వాడు జ్వరమొచ్చి పోయాడు. మరుసటి నెల రిపోర్టులోనూ ఒక్కరున్నారు. ఆ పై నెలా ఉన్నారు. వాడి నంబరుకు చేశాను. వాడే పాడాడు, పల్లవి మొత్తం. ఎవరూ ఎత్తలేదు. రోజూ చేశాను. రోజూ వాడే పాడాడు.

చివరికి కోపం పట్టలేక కలిదిండి వెళ్లాను. ఫోను వాడి భార్య ఒళ్లోనే ఉంది.

"నెలనెలా రీఛార్జ్ చేయించి మరీ ఉంచుకున్నావు, ఎత్తవేం చెల్లెమ్మా?"

"ఎత్తితే పాట ఆగిపోద్ది కదండీ అన్నయ్యగారూ. ఇటు నాకెలాగూ బెల్లే వినపడుద్ది. మీరైనా మొత్తం వింటారని వదిలేశానండి."