ఖలందర్‌కు ఆగస్టు దాకా ఉంది

పిడుగురాళ్ల దగ్గర మా సున్నం ఫ్యాక్టరీలో కంప్యూటర్ మాటను కాదన్న మనిషి ఒక్కరే, టైమాఫీసు గుమాస్తా రేచల్ గారు. ఆమె చదివింది ఇంటర్. ల్యాబులో డిగ్రీ పట్టా పెట్టుకుని కూర్చున్న నేను ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు.

కిందటేడు రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి అరవైకి పెంచారు. అందరం మిఠాయిలు పంచుకున్నాం. మర్నాడు పొద్దున బట్టీ మేస్త్రీ ఖలందర్ గేటు మెషిన్ మీద వేలు పెడితే ఎర్రదీపం వెలిగింది. పర్మనెంటు వాళ్లలో అందరికంటే చిన్నవాడు అతనే, పుట్టింది 1978 ఆగస్టులో, అరవై నిండేది 2038 ఆగస్టులో. కంప్యూటర్ మాత్రం అతను 1902 జులైలోనే రిటైరయ్యాడంది.

"మా తాత పుట్టకముందే నన్ను ఇంటికి పంపారే!" అని మొదటిరోజు నవ్వాడు. మూడోరోజూ గేటు బయటే నిలబెట్టేసరికి ఆ నవ్వు పోయింది.

"సిస్టమ్‌లో లేనోణ్ణి బట్టీ దగ్గరికి ఎట్టా పంపను?" అన్నాడు మేనేజరు. ఆ సిస్టమ్ పాతికేళ్ల నాటిది. అమర్చిన కంపెనీ ఎప్పుడో మూతబడింది.

రేచల్ గారు లేని మనిషి పేరుతో ఒక రికార్డు తెరిచి, రిటైర్మెంటు తేదీ కింద ఒక్కో తేదీ కొట్టి చూశారు. 2038 జనవరి పంతొమ్మిది దాకా బాగానే తీసుకుంది. ఇరవై కొట్టగానే 1901 డిసెంబరు చూపించింది. పాత సిస్టమ్‌లు 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తాయట, ఆ పంతొమ్మిదిన వాటి లెక్కకు చోటు చాలదట. ఇది మాకు తర్వాత తెలిసింది. అవేమీ తెలియకుండానే తప్పు ఏ రోజు మొదలవుతుందో ఆమె పట్టేశారు.

"అయితే పంతొమ్మిదో తేదీ వేసెయ్యండి, గేటు తెరుచుకుంటది. పదమూడేళ్ల తర్వాత సంగతి ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మేనేజరు.

"నాకు తెలిసింది గదా సార్! అప్పటికి మీరుండరు, నేనూ ఉండను. వచ్చినోళ్లు ఇదే నిజమనుకోని ఇతన్ని ఏడు నెలల ముందే పంపిచ్చేస్తారు" అన్నారు రేచల్ గారు.

నిజం చెబుతున్నాను, ఆ ఏడు నెలలు నాకు తట్టనే లేదు.

గేటు కోసం ఆ తేదీనే వేశారు, ఖలందర్ పనిలోకి వెళ్లాడు. ఆమె మాత్రం బీరువాలోంచి అతని సర్వీసు రిజిస్టరు తీసి, ఎర్ర సిరాతో ఒక పేజీ రాసి, మేనేజరు సంతకం పెట్టేదాకా వదల్లేదు. వచ్చే మార్చిలో ఆమె రిటైరవుతున్నారు. ఆమె స్థానంలోకి వస్తున్న అమ్మాయికి పని నేర్పుతూ ముందుగా చదివించింది ఆ పేజీనే:

"2038లో ఈ కుర్చీలో ఉన్నవారికి నమస్కారం. కంప్యూటర్‌లో ఉన్న జనవరి తేదీ నిజం కాదు, గేటు కోసం నేనే వేశాను. షేక్ ఖలందర్‌కు ఆగస్టు ముప్పై ఒకటి దాకా పని ఉంది. దయచేసి ముందే పంపించవద్దు. ఇట్లు, రేచల్, టైమాఫీసు."