కిటికీ చట్రాల్లో ఆకుకూరలు

“దొంగతనం అన్న మాట నా ముందు ఎత్తకు. చెత్తడబ్బా పక్కన ఉంటే తెచ్చుకున్నాను.”

“పక్కన పెట్టినంత మాత్రాన చెత్తయిపోద్దా అమ్మా? పొద్దుట్నుంచి నలుగురం వాటికోసమే తిరుగుతున్నాం. స్టోరేజ్ మొత్తం రెండుసార్లు కౌంట్ చేశా!”

“నువ్వే కదా, పెరడు ఊరికే పడుంది, ఏదో ఒకటి వేసుకోమన్నావు?”

“గోంగూర వేసుకోమన్నా. లైబ్రరీ కిటికీల్లో వేసుకోమన్నానా?”

అలా అడుగుతున్నది నా కూతురు. ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా పెరట్లో నిలబడి ఉంది. కూరలోకి కొత్తిమీర తుంచుదామని వచ్చి, మడిలో నేను గుచ్చిన అట్టముక్కను ఊరికే పైకి తీసింది. ఒక వైపు ‘కొత్తిమీర’ అని నా అక్షరాలు. వెనక్కి తిప్పితే తన చేతిరాతలో ఒక నంబరు. అప్పుడు కిందికి చూసింది. నా నాలుగు మడులకూ గట్లుగా ఉన్నవి నాలుగు కిటికీ చట్రాలని అప్పటికి గాని ఆమెకు తెలియలేదు.

మేముండేది గ్వెల్ఫ్ అనే పట్నానికి అరగంట దూరంలో ఒక చిన్న ఊరు. రెండు వేసవుల కిందట వచ్చిన గాలివాన ఇక్కడి లైబ్రరీ పైకప్పును సగం లేపేసింది. నూరేళ్ళు దాటిన రాతి కట్టడం అది. అలాంటిదాన్ని తిరిగి కట్టాలంటే పాతదనం చెడకూడదు, నేలా నీరూ పాడవకూడదు. ఆ నియమాలన్నీ పాటించామని కాగితాల మీద చూపించే ఉద్యోగం మునిసిపాలిటీలో మా అమ్మాయిది.

ఆ లైబ్రరీ మీద నాకు ప్రాణం. నేను చదివింది మూడో తరగతి. ఈ దేశం వచ్చాక, మంగళవారాలు అక్కడ ఒక తెల్లజుట్టు ఆవిడ నాలాంటివాళ్ళకు పిల్లల బొమ్మల పుస్తకాలతో ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. బస్సు బోర్డూ మందుసీసా చదవగలుగుతున్నానంటే ఆవిడ చలవే. చలికాలంలో ఇంట్లో హీటరు తగ్గించి అక్కడికి పోయి కూర్చునేదాన్ని. వెచ్చదనం, కుర్చీ, మంచినీళ్ళు అన్నీ ఉచితం. కప్పు పోయాక దాన్ని రెండు గదుల డబ్బా ఇంట్లోకి మార్చారు. అందులో కూర్చోవడానికి చోటు లేదు.

అందుకే మా అమ్మాయిని రోజూ పొడిచేదాన్ని. మూడు నెలల్లో కొత్తది కట్టేయక ఈ పరీక్షలేమిటని. అటకలో గబ్బిలాలు పిల్లలు పెట్టాయి, అవి ఎగిరిపోయేదాకా కప్పు జోలికి పోకూడదని తను చెప్పిన రోజు, “మీ ఆఫీసువాళ్ళు గబ్బిలాలకు పురుళ్ళు కూడా పోస్తారా?” అన్నాను. తనూ నవ్వింది ఆ రోజు.

ఈ వసంతంలో ఒక మధ్యాహ్నం లైబ్రరీ వెనక సందులోంచి వస్తున్నాను. పెద్ద చెత్తడబ్బా పక్కన గోడకు ఆనించి గాజులు లేని నాలుగు చట్రాలు కనిపించాయి. మంచి చేవగల చెక్క. ఒక్కోదానికి ఆరు గళ్ళు. గడికొక వారం తేడాతో విత్తనం చల్లుకుంటే వేసవంతా ఆకు కోసుకోవచ్చు. ఈ దేశంలో చెక్కను ఇలా పారేస్తారు కదా అని ప్రాణం ఉసూరుమంది. అక్కడ హెల్మెట్ పెట్టుకున్న ఒకతను నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆ చెయ్యి ఊపడమే అనుమతి అనుకున్నాను. సామాన్ల బండి మీద రెండు విడతలుగా ఇంటికి చేర్చాను. వాటికి కట్టిన అట్టలు వానకు తడవని రకం. పారేయడం ఎందుకని, వెనకవైపు కూరల పేర్లు రాసి మడుల్లో గుచ్చాను.

“రేపు పొద్దున ప్రావిన్స్ ఆఫీసరు వస్తుంది,” అంది మా అమ్మాయి. గొంతు తగ్గింది. “కిటికీలన్నీ కౌంట్ చేస్తుంది. ఊడదీసి స్టోరేజ్‌కి లారీ ఎక్కించిన రోజు అన్నీ ఉన్నాయని నేనే సైన్ చేశా. నాలుగు తక్కువైతే పని ఆపేస్తారు. కార్పెంటర్ వేరే ఊరికి పోతాడు. ఈ చలికాలం కూడా లైబ్రరీ ఓపెన్ కాదు.”

“లెక్కపెట్టకుండానే సంతకం పెట్టావా?”

“వర్షం వస్తోందమ్మా. అందరూ తొందరపెట్టారు.”

తను వంగి ఒక చట్రాన్ని వేలితో తడిమింది. “దీని మీద పెయింట్ ఉండాలే, ఏమైంది?”

“పెచ్చులు లేస్తుంటే అట్లకాడతో గీకేశాను.”

“ఎక్కడ గీకావు?”

“ఎక్కడేమిటే, ఇక్కడే. మట్టిలోనే.”

మా అమ్మాయి వెనక మెట్ల మీద కూలబడింది. “అమ్మా, ఆ పెయింట్‌లో సీసం ఉంది. టెస్ట్ చేయించాం. అందుకే వాటిని ప్లాస్టిక్‌లో చుట్టాలని రూల్. ఈ ఆకు ఎవరన్నా తిన్నారా?”

నాకు తెలిసిన సీసం మా నాన్న వలకు కట్టే గుండ్లు. చిన్నప్పుడు ఒకటి నోట్లో పెట్టుకుంటే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఎందుకో చెప్పలేదు. ఇన్నేళ్ళకు చెప్పింది నా కూతురు. అది ఒంట్లోకి పోతే చిన్నపిల్లల బుర్ర ఎదగదట.

మెంతికూర ఒక్కసారి పప్పులో వేశాను. నేనూ మా అమ్మాయీ తిన్నాం. ఐదేళ్ళ మనవరాలు కంచం పక్కకు నెట్టి, “నో గ్రీన్ స్టఫ్, అమ్మమ్మా,” అంది. ఆ రోజు దాన్ని తిట్టాను. ఇక ఈ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కాలేజీ పిల్లలకు భోజనాలు. మొదటి కోత గోంగూర అంతా కోసి, వాళ్ళకు పచ్చడి నూరి పెట్టాలని మిరపకాయలు కూడా తీసిపెట్టాను. ఇంటికి దూరంగా ఉండి చదువుకుంటున్న పిల్లలు. నా చేత్తో పెట్టి ఉండేదాన్ని. నేనూ ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

కాసేపటికి మా అమ్మాయి లేచింది. “చీకటి పడకముందే వీటిని కడిగి, కార్లో వేసి, మిగతావాటితో కలిపేస్తా. అట్టలు ఉన్నాయిగా, మళ్ళీ కట్టేస్తా. ఎవరికీ తెలీదు.”

“మరి ఈ మట్టి?”

“తర్వాత చూద్దాం.”

“తర్వాత ఎవరు చూస్తారే? దొంగతనం అన్నావు కదా ఇందాక. తేవడం దొంగతనమో కాదో గాని, ఇలా తిరిగి పెట్టడం మాత్రం దొంగతనమే. రేపు ఆవిడకు నేను చెప్తాను.”

“నువ్వు చెప్తే నా సంతకం అబద్ధం అవుద్దమ్మా!”

“అవుద్దేమిటి? అబద్ధమేగా.”

ఆ మాటకు మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. తను లోపలికి పోయి స్టవ్వు వెలిగించింది. కొత్తిమీర లేకుండానే ఆ పూట కూర.

తను వండుతున్నంతసేపూ నేను ఆ మడుల దగ్గరే ఉన్నాను. రెండేళ్ళుగా నేను వెక్కిరించిన మనుషులను తలుచుకున్నాను. ఊడదీసిన ప్రతి చెక్కకూ నంబరు కట్టాలన్నది ఎవరో, ఆ నంబరే లేకపోతే మా అమ్మాయి కొత్తిమీర తుంచుకుని లోపలికి వెళ్ళిపోయేది. పాత రంగును పరీక్షకు పంపమన్నది ఎవరో, వాళ్ళు పంపమనకపోతే ఆదివారం ఆ పిల్లలు నా పచ్చడి కలుపుకుని, ఇంకాస్త పెట్టమ్మమ్మా అని అడిగేవాళ్ళు. వాళ్ళ ముఖాలు నేను చూడలేదు. వాళ్ళు చల్లగా ఉండాలని ప్రార్థన చేశాను. గబ్బిలాల సంగతి అడిగినవాళ్ళను కూడా అందులో కలిపాను. మనవరాలి మొండితనానికి కూడా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా అమ్మాయితో పాటు కారెక్కాను. స్టోరేజ్ దగ్గర ఎదురైన ఆఫీసరు పొడుగ్గా, నవ్వని ముఖంతో ఉంది. “ఐ టేక్. ఫోర్ విండోస్. షీ నాట్ నో,” అన్నాను. తర్వాత మా అమ్మాయి, లెక్కపెట్టకుండా సంతకం పెట్టానని తనే చెప్పింది, రంగు గీకిన సంగతి కూడా. ఆవిడ ఎక్కడ గీకానో, ఎవరు తిన్నారో అడిగి అన్నీ రాసుకుంది. మా ముగ్గురికీ రక్తపరీక్ష చేయించమంది. మా అమ్మాయి ఫైల్లో ఒక హెచ్చరిక ఉత్తరం పెడతారని చెప్పింది. చట్రాలు దొరికాయి కనుక పని ఆపనక్కర్లేదంది.

పది దాటాక తెల్లటి తొడుగులు వేసుకున్న ఇద్దరు మా పెరటికి వచ్చారు. గోంగూరతో సహా పైమట్టినంతా తవ్వి సంచులకెత్తారు. చట్రాలను ప్లాస్టిక్‌లో చుట్టి వ్యాను దగ్గర పెట్టారు. మా అమ్మాయి ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి, పైకి వినబడేలా నంబరు చదివి, నాలుగూ ఎక్కాక సంతకం చేసింది.