లచ్చమ్మ చేతి పాలు

నా డైరీల్లో ఒక్క అబద్ధం ఉంది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి దాకా రోజూ రాస్తూనే ఉన్నాను. వాన ఎప్పుడు మొదలైందీ, ఎప్పుడు తెరిపిచ్చిందీ రాశాను. కోపం వచ్చిన రోజున ఎవరి మీద, ఎందుకు వచ్చిందో రాశాను. మా నాన్న పోయిన రోజున కూడా నాలుగు వాక్యాలు రాసే పడుకున్నాను. అన్ని వేల పేజీల్లో ఒకే ఒక్క మాట తప్పు. తెలియక పడిన తప్పు కాదు. తెలిసి, కలం మూత తీసి, గుండ్రంగా రాసిన తప్పు. ఆ మాట బరువు ఇన్నేళ్లు మోశాను. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను బొగ్గు గనుల్లో సర్వే పని చేసి రిటైరయ్యాను. భూమి లోపల కొలత తప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మా ఫీల్డు బుక్కుకు ఒక నియమం ఉండేది. రబ్బరు ముట్టకూడదు. తప్పు అంకె పడితే దాన్ని ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఏముందో కనబడేలా. పైన సరైన అంకె రాయాలి. పక్కన పొట్టి సంతకం పెట్టాలి. నా కొలత తప్పిందని పై అధికారి చేత అనిపించుకోకుండానే బయటికి వచ్చాను. ఆ గర్వం నాకు ఎక్కువే. అసలు సంగతి అక్కడే మొదలవుతుందేమో.

రిటైరయ్యాక చండ్రుగొండ దాటి, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట చిన్న ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. మా క్వార్టర్ల కాలంనాటి ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ తన కుక్కను మాకు ఇచ్చి వెళ్లాడు. పేరు రోజీ. పూడిల్‌కూ పొమేరియన్‌కూ పుట్టిన సంకరం. ఒంటి నిండా ఉంగరాల బొచ్చు. ఆ బొచ్చు రాలదు, పెరుగుతూనే ఉంటుంది. కంచె దాటి తిరిగొస్తే పల్లేరుకాయలన్నీ దానికే. రోజూ పొద్దున పావుగంట సేపు దువ్వేవాణ్ని. దువ్వకపోతే జడలు కట్టేది. చెవుల్లో కూడా బొచ్చే, అది వేళ్లతో తీయాలి. మంగలి ముట్టనన్నాడు. చివరికి గొర్లు కాసే మల్లయ్య ఒప్పుకున్నాడు. రెండు నెలలకోసారి ఉన్ని కత్తెర పట్టుకొచ్చి, రోజీని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని గొర్రెను కత్తిరించినట్టే కత్తిరించేవాడు.

"సారూ, ఇది మొరిగితేనే కుక్క. నోరు మూసుకున్నదంటే నా మందల కలిసిపోతది. ఈ ఉన్ని నాకియ్యున్రి, మీకు దస్తీ అంత గొంగడన్న నేపిస్త," అనేవాడు.

మా ఇంటామె లోపలి నుంచి అందుకునేది. "నీ గొర్లకు ఇంత దువ్వుడు ఉన్నదా మల్లయ్యా? ఈయన నాకు ఒక్కనాడు దువ్వెన కొనియ్యలే. దానికి రెండు తెచ్చిండు."

ఊళ్లో అందరూ రోజీని సారు గొర్రె అనేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఆ నవ్వు ఎక్కడికి తీసుకుపోతుందో నాకేం తెలుసు?

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు రోజీ నాలుగు పిల్లల్ని కన్నది. తండ్రి రోడ్డు మీది హోటల్ దగ్గర తిరిగే గోధుమరంగు కుక్కేనని ఊరికంతా తెలుసు. అయినా పిల్లలకు తల్లి ఉంగరాలే వచ్చాయి. తక్కెడలో పెట్టి రోజూ తూచి డైరీలో రాసేవాణ్ని. పదో రోజుకు అంకెలు పెరగడం ఆగిపోయింది. రోజీకి పాలు చాలడం లేదు.

పక్కింటి లచ్చమ్మ అప్పుడు వచ్చింది. ఆమె భర్త గనిలో పనిచేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. రెండు మేకలతో, ఇంటి వెనక కూరపాదులతో బతికేది. నన్ను అన్నా అనేది. లచ్చమ్మ చెయ్యి మంచిదని ఆ చుట్టుపక్కల పేరు. పసిబిడ్డకు మొదటి ఉగ్గు ఆమె చేతే పెట్టించేవారు. కోడిని పొదగేయాలన్నా, చిక్కుడు గింజ నాటాలన్నా ముందు ఆమెను పిలిచేవారు. ఆమె ఇంటి ముందు తెల్లారకముందే ఎవరో ఒకరు నిలబడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. మొగుడు లేని మనిషిని శుభానికి దూరంగా పెట్టే ఊళ్లోనే ఆమె చేతికి మాత్రం ఆ మినహాయింపు ఉండేది. ఆమెకున్న మర్యాదంతా ఆ చెయ్యే.

మెత్తటి గుడ్డను వత్తిలా చేసి, మేకపాలలో ముంచి, పిల్లల నోటికి అందించేది. అవి చప్పరించేవి. నేను పద్ధతి చెప్పాను: సగం పాలు, సగం నీళ్లు, కాచి చల్లార్చాలి అని. ఆమె నవ్వింది.

"నువ్వు నీళ్లు కొలుస్తవన్నా. నేను ఆకలి కొలుస్త."

నాలుగింటిలోకీ చిన్నదాన్ని ఆమె దూది అని పిలిచేది. కళ్లు తెరిచి మొదట తననే చూసిందట, అది తనదేనట. పాలు మానగానే తీసుకుపొమ్మన్నాను.

పిల్లలకు ఇరవై అయిదో రోజు. మా ఇంటామె పెళ్లికని తల్లాడ పోయింది. ఆ వారమంతా పిడుదుల బాధ. రోజీ అడవి అంచు నుంచి తెచ్చుకునేవి పిల్లలకు పాకేవి. ఒక్క పిల్ల మీద ముప్ఫై ఒకటి లెక్కపెట్టి తీశాను. మర్నాటికి మళ్లీ అన్ని. మల్లయ్య అప్పుడే తన మందకు మందు నీళ్లు కొట్టి, మిగిలిన సీసా మా అరుగు మీద పెట్టి పోయాడు. రోజీకి వాడుకొమ్మని. బకెట్ నీళ్లకు ఒక మూత అన్నాడు. పిల్లల సంగతి అతను చెప్పలేదు. నేను అడగలేదు.

పొద్దున లచ్చమ్మ వచ్చి నాలుగు పిల్లలకూ పాలు పట్టింది. దూదికి పొట్ట నిండలేదని కొంగులో వేసుకుని తనింటికి తీసుకుపోయింది. నేను బకెట్ పెట్టుకున్నాను. సీసాకు ఒక కాగితం చుట్టి ఉంది. దాన్ని విప్పి పక్కన పెట్టాను. జీవితమంతా ప్రతి కాగితమూ చదివి సంతకం చేసినవాణ్ని, ఆ ఒక్క కాగితం ఎందుకు చదవలేదు? మూతలో కొలిచే పనే కదా, నాకొకరు చెప్పాలా అనుకున్నాను. పైగా నా తెలివి ఒకటి తోడైంది. ఈ బొచ్చు ఒత్తు, నీళ్లు చర్మం దాకా దిగవు అని లెక్కవేశాను. సగం బకెట్ నీళ్లలో రెండు మూతలు పోశాను. ఒక్కో పిల్లనూ మెడ దాకా ముంచి, బొచ్చు పాయలు తీసి, మందు లోపలికి ఇంకేలా వేళ్లతో రుద్దాను. కడగకుండా నీడలో ఆరబెట్టాను. రోజీ బకెట్ చూసి మంచం కింద దూరింది. దాని సంగతి రేపు చూద్దామనుకున్నాను.

మధ్యాహ్నానికి ఒకదాని తల వాలిపోయింది. నోట్లోంచి చొంగ. నిలబెడితే పక్కకు ఒరిగింది. అంత ఎండలో ఒళ్లు చల్లబడింది. అప్పుడు మంచినీళ్లతో కడిగాను. తువ్వాలులో చుట్టాను. అరచేతులతో రుద్దాను. రోజీ ఒక్కోదాన్నీ ముక్కుతో పొడిచి లేపబోయింది. పొద్దు వాలేలోపు మూడూ పోయాయి.

మూడోది పోతుండగా లచ్చమ్మ వచ్చింది. కొంగులో దూది ఉంది, హుషారుగా కదులుతూ. ఆమె గుమ్మంలోనే ఆగి వాసన చూసింది. ఇదేం వాసనన్నా అంది. ఫినాయిల్ అన్నాను. నోటితో చెప్పిన మొదటి అబద్ధం అది. ఆమె ఆ మూడింటి పక్కన కూలబడింది.

"అన్నా, ఒక మాట చెప్త. పొద్దుగాల నేను నీళ్లు కలపలే. ఎండిపోయిన్రని చిక్కటి పాలే పోసిన. నువ్వు చెప్పినవ్, నేనే ఇనలే." తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. "నా చేత్తోటి నేనే సంపిన్నా అన్నా?"

చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. ఇప్పుడు తలచుకుంటే అది చాలా పొడుగైన క్షణం. సీసా ఆమెకు రెండడుగుల దూరంలో, బకెట్ వెనక ఉంది. చెయ్యి చాపి చూపిస్తే చాలు.

"పోనీలే చెల్లె," అన్నాను. "తెల్వక చేసినవ్. మనసుల పెట్టుకోకు. నేనేమన్న అన్ననా నిన్ను?"

ఆమె నా కాళ్లకు దండం పెట్టింది.

నేను చేసిన తప్పుకు ఆమెను నేను క్షమించాను. ఈ వాక్యాన్ని ఇన్నేళ్లలో తలలో ఎన్నిసార్లు రాసుకున్నానో. కాగితం మీద ఇదే మొదటిసారి.

కానుగ చెట్టు కింద గొయ్యి తీసి మూడింటినీ పెట్టాను. సీసాను కూడా అందులోనే వేసి పూడ్చాను. దీపాలు పెట్టే వేళకు కాగితం చదివాను. చిన్న పిల్లలకు వాడరాదని స్పష్టంగా ఉంది. డైరీ తీశాను. "పిల్లలు మూడు చనిపోయినవి. కారణం: పాలు." అని రాశాను.

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆ పాలు అందరికంటే ఎక్కువ తాగింది దూది. అది బతికింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? లచ్చమ్మకు ఆ లెక్క తట్టలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి లెక్కలు తట్టవు. తట్టిన నేను నోరు మూసుకున్నాను.

మా ఇంటామె తిరిగొచ్చి, నేను చెప్పిందే నలుగురికీ చెప్పింది. ఆమెకు తెలిసింది అదే. ఊళ్లో వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఇంకొకరైతే ఎన్ని మాటలనేవాళ్లో, సారు పెద్ద మనసు గలవాడు అన్నారు. లచ్చమ్మను ఎవరూ తిట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. తెల్లవారుజామున ఆమె ఇంటి ముందు ఎవరూ నిలబడటం లేదు. పిలిచిన ఒకరిద్దరికి ఆమే వద్దంది. వేంసూరులో ఇచ్చిన తన కూతురికి ఆ తర్వాతి ఏడు బిడ్డ పుడితే, ఉగ్గు పెట్టనని గడప బయటే కూర్చుందట. నా చెయ్యి మంచిది కాదు బిడ్డా అన్నదట. సొంత మనుమరాలికే పెట్టలేదు.

దూదిని తీసుకోమన్నాను. వద్దంది. అది మా దగ్గరే పెరిగింది. తల్లి కంటే ఒత్తు బొచ్చు, తల్లి కంటే అల్లరి. చెప్పులు ఎత్తుకుపోయేది, ఉరుమంటే భయపడి బియ్యం డబ్బా వెనక దూరేది. కానీ రోజూ పొద్దున దువ్వడం అయిపోగానే గోడ సందులోంచి పోయి లచ్చమ్మ గడప ముందు కూర్చునేది. మొదటి పాల రుచి మరిచిపోలేదు కాబోలు. ఆమె దానితో మాట్లాడేది. తిన్నవా, మీ తాత దువ్విండా అని అడిగేది. చెయ్యి మాత్రం వేసేది కాదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చునేది. నేను గోడకు ఇవతల దువ్వెన శుభ్రం చేసుకుంటూ అంతా చూసేవాణ్ని. దూది పదమూడేళ్లు బతికింది. పదమూడేళ్లూ చూశాను. డైరీలో ఎన్నడూ రాయలేదు.

ఎందుకు చెప్పలేదు? భయమా? ఎవరికి భయపడాలి? చెప్పి ఉంటే మా ఇంటామె ఒక వారం దెప్పేది, మల్లయ్య తల పట్టుకునేవాడు, లచ్చమ్మ నాతో కలిసి ఏడ్చేది. అంతకు మించి ఏమీ లేదు. మనసులోకి దూరి చూస్తే నాకు కనబడేది ఒకటే: సారు కొలత తప్పాడు అనే మాట పడలేకపోయాను. ఆ మాట నా మీద పడకుండా ఒక మనిషి చేతిని అడ్డం పెట్టాను. మొదటి రోజు చెప్పకపోతే రెండో రోజు చెప్పడం ఇంకా కష్టం. ఏడాది గడిచాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా అనిపించేది. ఆ ప్రశ్నకు భయపడి ఇంకో ఏడాది.

మొన్న వానాకాలంలో లచ్చమ్మ పోయింది. పదో రోజుకు వెళ్లాను. కూతురు నాకు నీళ్లిచ్చి, మెల్లగా చెప్పింది. "మా అమ్మ మిమ్మల్ని ఎప్పుడూ తలుచుకునేది మామా. అన్న నన్ను ఒక్క మాటన్న అనలే, అసొంటి మనిషి ఉండడు అనేది."

ఆ నీళ్లు తాగకుండానే పక్కన పెట్టాను. అప్పుడైనా చెప్పాలి కదా. ఇంటి నిండా జనం ఉన్నారని సాకు దొరికింది. సాకులు నాకు ఎప్పుడూ దొరుకుతూనే వచ్చాయి.

ఇవాళ ట్రంకు పెట్టెలోంచి ఆ ఏటి డైరీ తీశాను. ఆ పేజీలోనే మందు కాగితం మడతపెట్టి ఉంది. ఎందుకు దాచానో నాకే తెలియదు. ఎవరైనా ఎప్పుడైనా చూసి పట్టుకుంటారని ఆశపడ్డానేమో. ఎవరూ చూడలేదు.

కూతురికి చెప్పడం ఇంకా మిగిలే ఉంది. ఈ కాగితాలు పట్టుకుని వేంసూరు పోవాలి. ఆమె తిడితే పడాలి. ముఖం మీద తలుపేస్తే తిరిగి రావాలి. ఉగ్గు పెట్టని ఆ తల్లి చేతిని ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. క్షమించమని అడగను. ఆ మాటను నేను ఒకసారి వాడి పాడుచేశాను.

"పాలు" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేశాను. పైన "మందు. రెండు మూతలు. కొలిచింది నేనే." అని రాశాను. పక్కన పొట్టి సంతకం, ఇవాళ్టి తేదీ. గీత కింద పాత మాట కనబడుతూనే ఉంది. కనబడాలి. అదే నియమం.